నిశ్శబ్దం లేని చోటికి దేవుడు రాడా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆధ్యాత్మిక పుటలో ఇటీవల వచ్చిన ఒక వ్యాసం చదివాను. తెల్లవారుజామున లేచి, ఫోను పక్కన పెట్టి, గంటసేపు మౌనంగా కూర్చుంటే తప్ప దైవసాన్నిధ్యం తెలియదని అందులో రాశారు. రాసినవారి అనుభవాన్ని నేను కాదనను. కానీ ఆ గంటసేపు వారి ఇంట్లో పాలు కాచింది ఎవరు? బడికి వెళ్లే అమ్మాయికి జడ వేసింది ఎవరు? నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరుగెత్తింది ఎవరు? ఆ మనిషి వ్యాసంలో ఎక్కడా లేదు. ఆమెకు దేవుడు ఏ వేళకు కనిపించాలో కూడా ఒక వాక్యం రాసి ఉంటే బాగుండేది.

నేను చిత్తూరులో పిండిమర నడుపుతున్నాను. మోటారు వేశానంటే ఎదుట నిలబడిన మనిషి మాట కూడా వినిపించదు. రాగులా గోధుమలా, మెత్తగానా రవ్వగానా అన్నది పెదవులు చూసి తెలుసుకోవాలి. అలాగని ఈ పనిలో చెవికి పని లేదనుకోకండి. గరాటులో గింజలు అయిపోవస్తుంటే రాళ్ల స్వరం మారుతుంది. బెల్టు సడలినా, గింజల్లో మేకు ముక్క పడినా ముందుగా చెప్పేది ఆ స్వరమే. ప్రతి సంచీ గరాటులో పోసేముందు ‘గోవిందా’ అంటాను. పైకే అంటాను గానీ నా గొంతు నాకే వినిపించదు. వినవలసినవాడు విన్నాడా లేదా అన్న అనుమానం మాత్రం నాకు ఎన్నడూ రాలేదు.

తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాల్లో మా వైపు ఆడవాళ్లు పిండిదీపాలు పెడతారు. ఆ పిండి కోసం తెచ్చిన బియ్యాన్ని పొద్దున్నే, మిరపకాయలు పడకముందే ఆడించమని అడుగుతారు. ముందురోజు సాయంత్రమే రాళ్లు విప్పి, తుడిచి పెడతాను. (కారం ఘాటు అంత తేలికగా వదలదు. ఎవరైనా వచ్చి తుడిచి చూడవచ్చు.) వ్యాసకర్త చెప్పిన ధ్యానానికి దగ్గరగా నేను చేసేది ఏదైనా ఉందంటే ఆ తుడవడమే. అది కూడా మౌనంగా సాగదు. పక్క కొట్టులో రేడియో, వీధిలో ఆటోలు, లోపల కుక్కర్ కూతలు అన్నీ ఉంటాయి.

ఒకసారి ఒక ఆవిడ రాగులు పోయించుకుని, మర పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. మోటారు అందుకోగానే ఏడవడం మొదలుపెట్టింది. ఇంట్లో నలుగురి మధ్య ఏడవలేక ఇక్కడిదాకా దాచుకుని వచ్చినట్టుంది. ఆ మోతే ఆమెకు కొంగులా చాటైంది. గింజలు అయిపోయాక నేను రాళ్లు ఎడం చేసి, మోటారును ఊరికే తిరగనిచ్చాను. ఆమె కళ్లు తుడుచుకున్నాక ఆపాను. కరెంటు బిల్లుకు అది దండగే. దేవుడు ఆ గదిలో ఉన్నాడని మాత్రం నాకు గట్టిగా అనిపించింది. ఆమె కారణమేమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

అసలు మా వైపు దేవుళ్ల కథలే ఆ వ్యాసానికి జవాబు. కాణిపాకం సంగతి చూడండి. ముగ్గురు అన్నదమ్ములు, ఒకరు గుడ్డి, ఒకరు మూగ, ఒకరు చెవిటి. నీళ్లు ఎండిపోయిన బావిని లోతు చేస్తుంటే పార రాయికి తగిలి నెత్తురు వచ్చిందని, అక్కడే వినాయకుడు వెలిశాడని చెప్పుకుంటాం. ఆ ముగ్గురిలో చెవిటివాడికి బయటి సద్దు ఏదీ లేదు. అయినా స్వామి ఆ నిశ్శబ్దంలో రాలేదు, పార దెబ్బకు వచ్చాడు. తిరుమల కథలో కుమ్మరి కురువ నంబికి కొండ ఎక్కి గుడికి వెళ్లే తీరిక లేదు. సారె తిప్పుతూనే, చేతికి అంటిన మట్టితో పూలు చేసి, తన ఎదుట పెట్టుకున్న ప్రతిమకు సమర్పించేవాడు. తొండమాన్ చక్రవర్తి అర్పించిన బంగారు పూలను పక్కకు నెట్టి మట్టిపూలు స్వామి పాదాల మీద ఉండేవట. ఇప్పటికీ స్వామికి మట్టి ఓడులో నైవేద్యం పెట్టడం ఆ కుమ్మరి జ్ఞాపకంగానే అని పెద్దలు చెబుతారు.

ఇంత చెప్పి, మా వీధి మైకు గురించి ఫిర్యాదు చేస్తే మీకు వింతగా ఉండవచ్చు. మర మోత పనిలోంచి పుడుతుంది. నామం కోసం పెట్టిన మైకు మోత, దేవుడికి చెవుడేమోనన్న అనుమానంలోంచి పుడుతుంది. మా వీధి చివర తెల్లవారుజామున అయిదు కాకముందే మొదలవుతుంది. పరీక్షల పిల్లలు, ఆపరేషన్ చేయించుకుని పడుకున్న పెద్దవారు అందరూ భక్తులు కావలసిందే. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. పండుగలకు అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చినా అది ఏడాదికి 15 రోజులకు మించకూడదు. ఇతరుల ప్రశాంతతను చెడగొడుతూ ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు కూడా అదే ఏడాది అన్నది. అందులో గుడి, మసీదు, చర్చి అన్న తేడా లేదు. నా మర మోతకు విసుక్కునే ఇరుగుపొరుగు ఉన్నారు, వారి మాట న్యాయమే. అందుకే ఉదయం ఎనిమిదికి ముందు మోటారు వేయను, చీకటి పడ్డాక తిప్పను.

మౌనం గురించి ఇకముందు వ్యాసాలు వేయవద్దని నేను అనను. ఆ పుటలో అప్పుడప్పుడూ బస్సు కండక్టరుకు, వంటమనిషికి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసేవారికి కూడా చోటివ్వండి. వేళకాని వేళ మైకు మోగితే ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఆ ఫోను నంబరు కూడా దయచేసి ఆ ఆధ్యాత్మిక పుటలోనే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కట్టమంచి, చిత్తూరు.