వార్షిక నివేదిక: ద్వీపాల స్మారక నాణేలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నెలవారీ సమావేశాల్లో ఎక్కువ కాలం పసిఫిక్ దీవుల నాణేలకే పోయింది, పోవలసిందే. నియూలో వాడుకలో ఉన్నది న్యూజీలాండ్ డాలరు, పలావులో అమెరికా డాలరు. అయినా రెండింటి పేరిటా సేకర్తల కోసం వెండి నాణేలు వస్తాయి. ముద్రించేవి బయటి దేశాల టంకశాలలే. 1 ఔన్సు నియూ వెండి నాణెం మీద సాధారణంగా 2 డాలర్లు అని ఉంటుంది. అందులోని వెండి విలువ దానికి ఎన్నో రెట్లు. ముఖవిలువను బట్టి ధర కట్టకండి.

పలావు పేరిట వచ్చిన 1 డాలరు నాణేల్లో కొన్ని రాగి-నికెల్ మీద వెండి పూత వేసినవి. నాణెంతో వచ్చే ధ్రువపత్రంలో 'పూత' అన్న మాట ఉందేమో ముందు చదవాలి. అనుమానం తీరకపోతే నీటి తూకం వేయాలి. 0.01 గ్రాముల కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచండి. 31.1 గ్రాముల (1 ఔన్సు) అసలు వెండికి కాటా 2.96 గ్రాముల దగ్గర ఆగుతుంది, రాగి-నికెల్ అయితే 3.49 దాకా పోతుంది. గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి, మంచి వెండి కూడా నకిలీలా కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క లిక్విడ్ సోపు వేస్తే బుడగలు నిలవవు. ప్రూఫ్ నాణేలకూ (అద్దంలా మెరిసేలా ప్రత్యేకంగా ముద్రించినవి), రాళ్లు, చెక్క పొదిగినవాటికీ ఈ పరీక్ష వద్దు.

ఎక్కువ నష్టం దాచడంలోనే జరుగుతోంది. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కాలక్రమంలో ఆమ్లం వదులుతాయి, నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. మామూలు వెండికైతే గాజు గిన్నెలో స్వచ్ఛమైన అసిటోన్‌లో ముంచి తీసి, రుద్దకుండా ఆరనిస్తాం. రంగు బొమ్మల ద్వీప నాణేలకు అది పనికిరాదు, రంగు కూడా కరిగిపోతుంది. తెల్లని పాలమచ్చలకు మందు లేదు, తోమితే గీతలే మిగులుతాయి. నాణెం వ్యాసాన్ని వర్నియర్ కాలిపర్‌తో కొలిచి, సరిపోయే గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ (నాణెం డబ్బీ) కొనండి. మన వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ ఉంచి, తడి పీల్చాక మార్చండి.

హైదరాబాద్‌లోని సైఫాబాదు పాత టంకశాలలోని మ్యూజియం సందర్శన వచ్చే ఏడాది జాబితాలో ఉంది. హైదరాబాద్ ముద్రణకు నాణెం మీది సంవత్సరం అంకె దిగువన నక్షత్రం గుర్తు ఉంటుంది. పసిఫిక్ ద్వీపదేశం టువాలు నాణేల్లో చాలావాటి మీద ఆస్ట్రేలియాలోని పెర్త్ టంకశాల 'పీ' అక్షరం ఉంటుంది. రెంటినీ పక్కపక్కన చూడటానికి భూతద్దాలు తెచ్చుకోండి.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.