తలుపుకి తగిలించిన పలక

ట్యూబింగెన్, జర్మనీ,
జనవరి 18, ఆదివారం రాత్రి

ఒరేయ్ నానీ,

ముందు తిట్టెయ్. తిట్టడం అయ్యాకే చదువు. దసరాకి రాస్తానన్న ఉత్తరం సంక్రాంతి దాటాక రాస్తున్నాను. వాట్సాప్‌లో "బాగున్నా, నువ్వెలా ఉన్నావ్" అని పంపినవి ఉత్తరాల కిందకి రావని నాకూ తెలుసు. కానీ ఇప్పుడు చెప్పబోయేది ఫోన్లో చెప్తే తేలిపోతుంది. అందుకే కాగితం తీశాను.

నేను బాగానే ఉన్నాను. ఫిబ్రవరిలో పరీక్షలు, 30 క్రెడిట్లూ ఇక్కడే పూర్తి చేసుకుని రావాలి. అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి నవంబరులోనే అయిపోయింది. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, శనివారం ఏదైనా మర్చిపోతే ఇక బ్రెడ్డే గతి. ఇక అసలు సంగతి.

హాస్టల్లో గది దొరకలేదన్నాను కదా. పాత ఊళ్లో, నెకార్ నదికి నాలుగడుగుల దూరంలో, మూడంతస్తుల ఇల్లు. చెక్క మెట్లు, అడుగేస్తే కిర్రుమంటాయి. కింద ఒక మామ్మగారు, 78 ఏళ్లు, ఒక్కరే ఉంటారు. మధ్య అంతస్తులో నేనూ, ఒక కొరియా కుర్రాడూ. పైన మాకు ఎంజైములు చెప్పే ప్రొఫెసర్‌గారు. పిల్లలు పెద్దయి వెళ్లిపోయారు, భార్యాభర్తలిద్దరే.

వచ్చిన రెండో వారం, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి మా తలుపు పిడికి చిన్న చెక్క పలక వేలాడుతోంది. దాని మీద ఒక మాట, పక్కన చీపురు బొమ్మ. ఇల్లుగలవాళ్లు స్వాగతం చెప్పే పద్ధతేమో అనుకుని ఫొటో తీసి అమ్మకి పంపాను. వారమంతా అలాగే వేలాడింది. శనివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే మామ్మగారు. ఒక చేతిలో బకెట్టు, భుజానికి ఆనించుకున్న పొడుగు కర్ర చీపురు, బకెట్టు అంచు మీద మడతపెట్టిన గుడ్డ. గబగబా జర్మన్‌లో ఏదో అన్నారు. నాకు రెండే మాటలు అర్థమయ్యాయి: "మెట్లు", "మీరు".

ఒళ్లు మండిపోయిందిరా. నీ దగ్గర దాచేదేముంది. స్కాలర్‌షిప్ తెచ్చుకుని, నాన్న చేత లోను పెట్టించి ఇంత దూరం వచ్చింది ఈవిడ మెట్లు తుడవడానికా అనుకున్నాను. రంగు చూసి చెప్తోందని కూడా అనుకున్నాను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఆ క్షణంలోనే పైనుంచి ప్రొఫెసర్‌గారు దిగుతూ, నా మొహం చూసి ఆగారు. ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. దాన్ని కేర్‌వోఖ అంటారట, ఊడ్చే వారం అని అర్థం. పలక ఎవరి తలుపుకి ఉంటే ఆ వారం మెట్లు వాళ్లవి. "పోయిన వారం నాది. ఆదివారం నేనే తెచ్చి మీ తలుపుకి తగిలించాను" అన్నారాయన.

ఆయన! సోమవారం పొద్దున బోర్డు ముందు నిలబడితే రెండొందల మందిమి చప్పుడు చేయకుండా వినే మనిషి, శనివారం ఇవే మెట్ల మీద మోకాళ్ల మీద కూర్చుని తుడిచాడన్నమాట. ఇంకోటి కూడా చెప్పారు. 1477లో ఈ యూనివర్సిటీ పెట్టిన ఎబర్‌హార్డ్ ప్రభువే, 1492లో స్టుట్‌గార్ట్ జనం ఎవరింటి చెత్త వాళ్లు వారం వారం ఎత్తి బయటపడేయాలని శాసనం చేశాడట. చదువూ చీపురూ ఒకే మనిషి చేతి మీదుగా వచ్చాయిరా ఈ ప్రాంతానికి!

అప్పుడు మామ్మగారు నాకు నేర్పారు. పైమెట్టు నుంచి కిందకి రావాలి. ముందు పొడి చీపురు, తర్వాత గుడ్డ. గుడ్డని రెండు చేతులా మెలిపెట్టి పిండాలి, చుక్క నీళ్లు మిగిలినా చెక్క ఉబ్బుతుంది. మెట్టు మూల గుడ్డకి అందదు, అక్కడికి పాత టూత్‌బ్రష్. నేను పిండిన గుడ్డని ఆవిడ తీసుకుని మళ్లీ పిండితే ఇంకో అరగ్లాసు నీళ్లు కారాయి, నానీ. ఆ ముడతల చేతుల్లోంచి! ఇరవై రెండు మెట్లు. అయ్యేసరికి నా నడుము పట్టేసింది. ఆవిడ నడుం మీద చేతులేసుకుని "సోదెలె" అన్నారు. ఇక్కడి యాసలో "హమ్మయ్య, అయింది" అని. ఇకనుంచి నీ సోదికి అదే పేరు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దానికే ఈ ఉత్తరం.

మన హాస్టల్ రెండో అంతస్తు గుర్తుచేసుకో. పొద్దున ఆరున్నరకి ఒకావిడ వరండా తుడిచేది. ఆకుపచ్చ చీర, పైన మగాళ్ల చొక్కా. తడి ఆరకముందే మనం చెప్పులతో టకటకా నడిచేవాళ్లం. ఆవిడ ఒక్క మాట అనేది కాదు. వెనక్కి వచ్చి మన అడుగులన్నీ మళ్లీ తుడిచేది. మూడేళ్లు. ఆవిడ పేరేంట్రా? పొద్దుటి దాకా ఆలోచించాను. కాంటీన్ అన్నయ్య పేరు తెలుసు, వాచ్‌మన్ కూతురి పేరు కూడా తెలుసు. ఆవిడని ఏమని పిలిచేవాళ్లం? అసలు పిలిచామా?

అమ్మ సంగతీ అంతే. చీపురు ముట్టుకుంటే "మగపిల్లాడివి, నీకెందుకురా" అని లాక్కునేది. నేనూ ఇచ్చేసేవాణ్ణి. ఫోన్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "గుడ్డ గట్టిగా పిండావా?" అంది. ఆవిడ మోకాళ్ల నొప్పి ఎన్నేళ్ల నుంచో నీకు తెలుసు కదా... సరే, అది వద్దులే ఇప్పుడు.

మొన్న ఈ ఊరి కోట మీదకి వెళ్లాను. 1869లో మీషర్ అనే కుర్రాడు, పాతికేళ్లు కూడా నిండనివాడు, ఆ కోట పాత వంటగదిలో డీఎన్ఏని మొదటిసారి వేరుచేశాడు. దేన్నుంచో తెలుసా? ఆసుపత్రిలో తీసి పారేసిన చీము కట్టుగుడ్డల్లోంచి. క్లాసులో ఎన్నిసార్లు చదివాం! అక్కడ నిలబడితే మాత్రం నాకు ముందు ఆ గుడ్డలే గుర్తొచ్చాయి. అవి ఎవరు విప్పారో, ఎవరు మోసుకొచ్చారో అనిపించింది. నాలుగు నెలల కిందట ఈ ప్రశ్న నాకు తట్టేది కాదు. నేను మారానంటే ఇదేరా. జర్మన్ మాత్రం ఇంకా అంతంతే.

ఇప్పుడు నా వంతు కోసం ఎదురుచూస్తున్నాను, తెలుసా. పోయిన నెల మామ్మగారికి జ్వరం వస్తే ఆవిడ వారం నేనే చేశాను. మర్నాడు మా తలుపు దగ్గర ఆపిల్ కేకు ముక్క, పైన పేపర్ నాప్కిన్ కప్పి ఉంది. ప్రొఫెసర్‌గారు కూడా ఇప్పుడు క్లాసయ్యాక ఆగి, "మెట్లెలా ఉన్నాయి?" అని అడుగుతారు. మొన్న ఆయన చెప్పిన దానితో నేను ఒప్పుకోలేదు, క్లాసులోనే చెయ్యెత్తి చెప్పాను. నేను! మన ఊళ్లో సార్ ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికి భయపడ్డవాణ్ణి. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, అది కూడా పెద్దదే.

నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. వచ్చే వారం హాస్టల్‌కి సర్టిఫికెట్ల కోసం వెళ్తానన్నావు కదా. పొద్దున ఆరున్నరకే వెళ్లు. ఆవిడ ఇంకా ఉంటే పేరు అడుగు. నేను అడిగానని చెప్పు. ఏ గదివాడు అంటే, రెండో అంతస్తు చివర, ఎప్పుడూ తడి మీద నడిచే ఇద్దరిలో పొడుగువాడు అని చెప్పు.

పది కొట్టింది. ఈ ఇంట్లో పది తర్వాత కుర్చీ కూడా జరపకూడదు. బయట మంచు మొదలైంది, రేపటి నుంచి పలక మాది, ఏడింటికల్లా ఇంటి ముందు దారి ఊడ్చి ఉండాలి. కొరియా వాడు అలారం పెట్టేశాడు. పేరు మర్చిపోకు.

ఉంటాను,
నీ పొడుగు