గేయ పఠనానికి ఇచ్చిన పదిహేను నిమిషాలను తిరిగి ఇవ్వండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

చదవడంలో వెనుకబడిన చిన్నపిల్లల కోసం ప్రారంభించిన పఠన కార్యక్రమంలో గేయ పఠనానికి రోజూ పదిహేను నిమిషాలు కేటాయిస్తామని, తరగతి స్థాయికి తగిన గేయాలను ముద్రించి ప్రతి పాఠశాలకూ పంపుతామని తమరు సభాముఖంగా ఇచ్చిన మాట తమకు గుర్తుండే ఉంటుంది. ఆ మాటకు మేమంతా నిజంగా సంతోషించాం. గేయాలు రాలేదు. అడుగుతూ పంపిన వినతిపత్రాలకు జవాబూ రాలేదు. చివరికి వచ్చిన సర్క్యులర్ ఆ పదిహేను నిమిషాలను కూడా తీసేసి, పిల్లలు నిమిషానికి ఎన్ని పదాలు చదువుతున్నారో లెక్కపెట్టి పట్టికలు నింపే పనికి అప్పగించింది. వినతిపత్రాలకు దక్కని దృష్టి ఈ లేఖకైనా దక్కుతుందని వ్రాస్తున్నాను.

కూడబలుక్కుంటూ చదివే పిల్లలకు అక్షరాలు రావని చాలామంది అనుకుంటారు. నా తరగతిలో అలాంటి పిల్లల్లో ఎక్కువమందికి అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తులనూ నెమ్మదిగా గుర్తుపడతారు. కానీ ఒక్కొక్క పదాన్ని విప్పుకోవడానికే శక్తి అంతా ఖర్చయిపోవడం వల్ల వాక్యం చివరికి చేరేసరికి దాని మొదలు మనసులో నిలవదు. పదాలను గుర్తించడం అప్రయత్నంగా జరిగితే తప్ప అర్థం మీద ధ్యాస పెట్టడానికి మనసుకు తీరిక దొరకదని లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు 1974లోనే వివరించారు. ఆ స్థితికి చేరడానికి మార్గం చదివిన దాన్నే మళ్లీ మళ్లీ బిగ్గరగా చదవడం. పక్కన సరిదిద్దేవారుండగా ఇలా పదేపదే చదవడం వల్ల పదాలను గుర్తించే శక్తి, ధారాళత, అవగాహన మూడూ పెరుగుతాయని అమెరికాలోని నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000 నాటి నివేదికలో తేల్చింది. ఇవన్నీ తమ శాఖలోని నిపుణులకు తెలియనివి కావు.

అయితే పాఠ్యపుస్తకంలోని వచన పేరాను నాలుగోసారి చదవమంటే ఏ పిల్లవాడికైనా అది శిక్షగానే తోస్తుంది. తోటివారి ముందు తాను వెనుకబడ్డానని చాటినట్టే అనిపిస్తుంది. గేయం విషయంలో ఆ చిన్నతనం ఉండదు. గేయాన్ని మళ్లీ చదవమని అడిగితే దానిలో తప్పు వెతుకుతున్నట్టు ఎవరూ అనుకోరు, ఎందుకంటే అది ఉన్నదే పదిమందికి వినిపించడానికి. పాదాలు పొట్టిగా ఉంటాయి, పాదం ముగిసే చోట ఊపిరికీ కంటికీ విరామం దొరుకుతుంది, లయ ముందుకు నడిపిస్తుంది, ప్రాస రాబోయే పదాన్ని కొంత ముందుగానే చెవికి అందిస్తుంది. యాభై అరవై పదాల్లో గేయం పూర్తవుతుంది కాబట్టి, ఒక్క పేజీ అయినా ఆసాంతం చదివి ఎరగని పిల్ల ఆ రోజు ఒక రచనను మొదటి నుంచి చివరి దాకా చదివానన్న తృప్తితో కూర్చుంటుంది. ఆ ముఖం చూసిన ఏ ఉపాధ్యాయుడూ ఆ పదిహేను నిమిషాలను వదులుకోవడానికి ఒప్పుకోడు.

ధారాళత అంటే తప్పుల్లేకుండా, తగిన వేగంతో, భావానికి తగ్గట్టు చదవడం. ఇప్పుడు మాచేత చేయిస్తున్న మదింపు మొదటి రెండింటినే కొలుస్తుంది. గడియారం చూపిస్తే పిల్లలు ప్రశ్నార్థకం దగ్గర కూడా గొంతు మార్చకుండా, వాక్యాంతాలు దాటేస్తూ పరుగు తీస్తున్నారు. పట్టికలో అంకె పెరుగుతోంది, ఏం చదివావని అడిగితే మౌనమే ఎదురవుతోంది. ఈ అంకెలను చూసి కార్యక్రమం విజయవంతమైందని తమరు భావిస్తారేమోనన్నదే నా భయం.

గేయాలైతే పిల్లలు బట్టీ పట్టి అప్పజెబుతారు, అది చదవడం కాదు కదా అని ఒక అధికారి అన్నారు. ఈ అనుమానం న్యాయమైనదే కనుక దీనికి వివరంగా జవాబు చెప్పాలి. ముందు ఉపాధ్యాయురాలు చదివి వినిపిస్తుంది, తరువాత అందరూ వేలితో పదాలను తాకుతూ కలిసి చదువుతారు, ఆపైన ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చదువుతుంటే మరొకరు వింటారు. అక్కడితో ఆపితే ఆ అధికారి మాటే నిజమవుతుంది. అందుకే పాదాలను కాగితపు చీలికలపై వ్రాసి కలిపేసి వరుసలో పేర్చమంటాం, మధ్యలో ఒక పదం చూపి అదేమిటో చెప్పమంటాం, గేయంలోని పదాలనే కొత్త వాక్యాల్లో పెట్టి చదివిస్తాం, మర్నాడు మరో గేయం ఇస్తాం. శామ్యూల్స్ 1979లో పునఃపఠనం గురించి వ్రాసినప్పుడు ముఖ్యంగా చెప్పింది ఇదే: అభ్యాసం కొనసాగేకొద్దీ కొత్త భాగాన్ని తొలిసారి చదివే వేగమే పెరుగుతూ వచ్చింది, తగిన వేగం అందుకోవడానికి మళ్లీ చదవాల్సిన సార్లు తగ్గుతూ వచ్చాయి. ఒకదానిపై చేసిన సాధన ఇంకొకదానికి ఉపయోగపడిందంటే దాన్ని బట్టీ అని ఎలా కొట్టివేయగలం? ఇంకా అనుమానముంటే, పిల్లలు ఎన్నడూ చూడని వచనం ఇచ్చి పరీక్షించండి. మేము కాదనం.

గేయాలు వచ్చేదాకా వాచకంలోని పద్యాలనే వాడుకోమని మౌఖికంగా సూచించారు. పద్యాలపై నాకు ఎంతో గౌరవం ఉంది, కానీ ఈ పిల్లలకు ఈ దశలో అవి పనికిరావు. ఛందస్సు కోసం పదం ఒక పాదం చివర విరిగి తరువాతి పాదంలో పూర్తవుతుంది; సంధులు, సమాసాలు కలిసి ఒక్క పదమే సగం పాదాన్ని ఆక్రమిస్తుంది. పాదం చివర ఆగడం నేర్చుకుంటున్న పిల్లవాడిని పదం మధ్యలో ఆపితే, గేయం ఇవ్వాల్సిన ఊతమే పోతుంది. వారికి కావలసినవి పాదం ముగిసే చోట భావమూ ముగిసేవి, రోజూ మాట్లాడే పదాలున్నవి, పెద్ద అక్షరాల్లో, పాదాల మధ్య ఖాళీతో అచ్చయినవి. కొనలేక ఇప్పటికి మేమే చేతితో వ్రాసి పంచుతున్నాం.

అక్షరాలే రాని పిల్లలకు గేయం మందు అని నేను అనడం లేదు. వారికి ముందు అక్షరాలే నేర్పాలి. అక్షరాలు వచ్చి కూడా చదవలేకపోతున్న వారి గురించే ఈ మొర.

అయ్యా, మేము కొత్తగా ఏదీ కోరడం లేదు. తమరు ఇస్తామన్న గేయాలను ఇప్పించండి. ఆ పదిహేను నిమిషాలను గేయాలకే ఉంచమని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి, లేకపోతే గేయం చదివిస్తున్న ఉపాధ్యాయులు తనిఖీలో సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది. పదాలు లెక్కించే రోజున పిల్లవాడు భావంతో చదివాడా, చదివింది చెప్పగలిగాడా అన్నది కూడా నమోదు చేయనివ్వండి. గేయాలు ముద్రించడానికి వ్యవధి కావాలంటే, మేము వ్రాసి ఉంచినవి పరిశీలనకు పంపుతాం. ఇవేవీ వీలుకావంటే కారణమేమిటో తెలియజేయండి. జవాబు మాత్రం ఇవ్వండి. వచ్చే మదింపు మొదలయ్యేలోగా ఇవ్వండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు