తాళాల చార్టుల్లో తప్పులు - సరిచేసిన సెట్ గానీ, డబ్బు గానీ ఇప్పించండి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

అమలాపురంలో మా ఇంటి వసారాలోనే సాయంత్రాలు పిల్లలకి సంగీతం చెబుతుంటాను. గత నెల మీ దగ్గర 1,850 రూపాయలు పెట్టి తాళాల చార్టుల సెట్ తెప్పించుకున్నాను. అక్షరాలు పెద్దవి, వెనక చాప మీద కూర్చున్నవాళ్లకి కూడా కనబడుతున్నాయి. అంతవరకు బాగుంది.

ఆది తాళం చార్టు చూడండి. తాళంలో మొదటి భాగమైన లఘువుకి ఒక దెబ్బ, ఆ తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, అంతే, 4 అక్షరాలు, అంటే 4 లెక్కలు. మీ బొమ్మలో చూపుడు వేలు కూడా లెక్కలోకి వచ్చింది. అది 5 లెక్కల ఖండజాతి లఘువు. ఆ తర్వాత వచ్చే రెండు ద్రుతాలు (ఒక్కోటి 2 లెక్కలు) కలిపితే 8 రావాల్సింది 9 అవుతోంది. మొదటి పాఠమైన సరళీ వరుసని మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, పాడుతూ ఏడేళ్ల పిల్ల మధ్యలో ఆగిపోయి, "ఆయ్, పాట అయిపోయిందండీ, చెయ్యి ఇంకా అవలేదండీ" అంది. నేను చేసి చూపిస్తే, "మరి చార్టులో అలా లేదు కదండీ" అని గోడకేసి చూపించింది. కొత్తగా చేరినవాళ్లు నా చేతికంటే గోడ మీది రంగుల బొమ్మనే నమ్ముతారు. ఆ తప్పు అలవాటు పోగొట్టడానికి నాకు వారం పట్టింది.

రూపక తాళం ఇంకా అన్యాయం. ద్రుతం ముందు, లఘువు తర్వాత రావాలి. మీరు తిరగేసి అచ్చువేశారు. అలంకారమనే స్వర పాఠంలో 'సరి' ద్రుతానికి, 'సరిగమ' లఘువుకి సరిపోవాలి. మీ చార్టు చూసి వేస్తే 'సరిసరి' దగ్గర లఘువు అయిపోతోంది, 'గమ' ద్రుతంలో పడుతోంది. అచ్చుకి ముందు సంగీతం తెలిసినవాళ్లకి ఒక్కసారి చూపించి ఉంటే పోయేది.

ఫోన్ చేస్తే మీ ఆఫీసులో అమ్మాయి "మార్కర్‌తో దిద్దుకోండి మేడం" అంది. దిద్దాను. లామినేషన్ మీద సిరా నిలవదు, పిల్లల చెమట చేతులు తగిలి రెండు రోజుల్లో చెరిగిపోయింది.

విజయదశమికి కొత్త పిల్లలు చేరతారు. ఆలోగా ఈ రెండు చార్టులూ సరిగ్గా అచ్చువేసి పంపండి, లేదా సెట్ వెనక్కి తీసుకుని నా 1,850 ఇచ్చేయండి. కొరియర్ ఖర్చు మీదే. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. బిల్లు, చార్టుల ఫోటోలు జతచేశాను.

ఇట్లు,
సంగీతం టీచర్, అమలాపురం