బాలింత బీపీ ఎవరు చూస్తారు?

సంపాదకులకు నమస్కారం.

గర్భిణులకు బీపీ చూడటంపై ఇప్పుడు శ్రద్ధ పెరిగింది. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా పరీక్షిస్తున్నారు కూడా. కాన్పయి ఇంటికి వెళ్లాక మాత్రం ఆ పట్టీ తల్లి చేతికి చుట్టేవారే కరవు. బిడ్డ బయటపడితే బీపీ దానంతటదే దిగుతుందన్న ధీమా ప్రాణాలమీదికి తెస్తోంది. కాన్పు తర్వాత 3 నుంచి 6 రోజుల మధ్యే అది మళ్లీ ఎక్కువగా పెరుగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివారికీ రావచ్చు.

మా వీధిలో ఒకమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక తల పగిలిపోతోందంటే చల్లగాలి సోకిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ బిగించారు. ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను తూచింది, బొడ్డు చూసింది, తల్లికి జ్వరం లేదని రాసుకుంది. సాయంత్రం ‘లైటు వేయలేదేమమ్మా?’ అని అడిగింది ఆ పిల్ల. లైటు వెలుగుతూనే ఉంది. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. 108లో తీసుకెళ్లారు, దక్కింది. చూపూ తిరిగి వచ్చింది.

పెద్దలు గుర్రపువాతం అనేది దీన్నే. రక్తపోటు మితిమీరితే మెదడులోని సన్నని నాళాల నుంచి నీరు ఊరుతుంది. చూపును నడిపే వెనుక భాగంలోనే అది ఎక్కువ. నాళం చిట్లితే పక్షవాతం, మరణం. మందు లేక కాదు. మెగ్నీషియం సల్ఫేట్ ఈ ఫిట్స్ ముప్పును సగానికి తగ్గిస్తుందని 2002లోనే పెద్ద అధ్యయనం తేల్చింది. ఖరీదూ తక్కువే. సమయానికి ఆసుపత్రికి చేరడమే కష్టమవుతోంది.

ఆశా కార్యకర్తలు 3వ, 7వ రోజుల్లో ఎలాగూ ఇంటికి వస్తారు. వారి సంచిలో డిజిటల్ బీపీ మిషను పెట్టి, వాడటం నేర్పాలి. 140/90 దాటితే ఏఎన్ఎంకు చెప్పాలి, 160/110 అయితే వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. అత్తవారి ఊళ్లో నమోదై పుట్టింట్లో పురుడు పోసుకునే వారి వివరాలు రెండు చోట్లా అందాలి. డిశ్చార్జి చీటీపై తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి: తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ఆయాసం ఉంటే ఆరు వారాల వరకూ ఏ వేళనైనా రమ్మని. రాసి ఊరుకోక, చీటీ ఇచ్చేటప్పుడు బాలింత తల్లికీ భర్తకూ చదివి వినిపించాలి.

- విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి