కటికి అడవి నుంచి నన్ను మోసుకొచ్చిన వారికి కృతజ్ఞతలు

కటికి జలపాతానికి కాలినడకన వెళ్ళిన మా నడక బృందంలో చీలమండ విరగ్గొట్టుకున్న వ్యక్తిని నేనే. శస్త్రచికిత్స పూర్తయి, ఇంటికి చేరి, కూర్చుని రాయగలిగే స్థితికి వచ్చాను గనుక, ఆ ఆదివారం నన్ను అడవిలోంచి రోడ్డు మీదికి, అక్కడి నుంచి విశాఖపట్నానికి చేర్చిన వారందరికీ బహిరంగంగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. పేరుపేరునా చెప్పుకోవడం మర్యాద. కానీ డోలీ మోసిన వారిలో పెద్దాయన, "మా పేర్లు ఎందుకమ్మా, ఊరి పేరు రాయండి, చాల్లే" అన్నారు. ఆయన మాట మీద కటికి గ్రామం పేరు ఒక్కటే రాస్తున్నాను.

ఉదయం కిరండూల్ పాసింజరులో వెళ్ళి బొర్రా గుహలు స్టేషనులో దిగి, అక్కడి జీపులు ఎక్కకుండా నడిచే వెళ్ళాలని అందరం ముందే అనుకున్నాం. కాఫీ తోటల పక్కగా, సిల్వర్ ఓక్ మానులకు అల్లుకున్న మిరియాల తీగల నీడలో నడక హాయిగా సాగింది. జలపాతం హోరు వినబడే దూరంలో, వాగు దాటే చోట, పాకుడు పట్టిన బండ మీద నా కుడి పాదం జారి రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. ఒళ్ళు ఒక పక్కకు, పాదం ఒక పక్కకు తిరిగాయి. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

నా మొదటి కృతజ్ఞతలు మా బృందంలోనే ఉన్న నర్సు చెల్లెమ్మకు. కాలు సాగదీసి చూద్దామన్న వారిని, బామ్ రాద్దామన్న వారిని, పుత్తూరు కట్టు మహిమ వర్ణించడం మొదలుపెట్టిన ఒక పెద్దమనిషిని ఆమె మెత్తగానే అయినా గట్టిగా దూరం జరిపింది. బూటు తాళ్ళు వదులు చేసి, వేళ్ళ రంగు చూసి, ఒక్కొక్క వేలును తాకుతూ స్పర్శ తెలుస్తోందా అని అడిగి, పాదాన్ని ఉన్న వంపులోనే ఉంచి కట్టు కట్టాలని చెప్పింది. కట్టుకు కావలసిన వెదురు బద్దలను, అప్పటికే కేకలు విని పైకి వచ్చిన కటికి యువకులలో ఒకరు నిమిషాల్లో చీల్చి, గుచ్చుకోకుండా అంచులు కత్తితో గీసి మరీ ఇచ్చారు. అదే సమయంలో మరో అబ్బాయి, ఫోను సిగ్నలు దొరికే మిట్ట తనకు తెలుసంటూ కొండ మీదికి పరుగెత్తి 108కి ఫోను చేశాడు. మా అందరి చేతుల్లోనూ ఖరీదైన ఫోన్లే ఉన్నాయి. ఒక్కదానిలోనూ సిగ్నలు గీత లేదు.

ఆ తర్వాత డోలీ వచ్చింది. పొడవాటి కర్రకు దుప్పటి రెండు కొసలూ ముడివేసి, మధ్యలో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని నడిచే ఈ పద్ధతి గురించి వార్తల్లో ఎన్నోసార్లు చదివాను. లోపల పడుకున్నప్పుడు తెలిసింది వేరు. ఎక్కుడు దారిలో తల వైపు ఎత్తుగా ఉండేలా మనిషిని తిప్పి పడుకోబెట్టారు. ముందు నడిచే వ్యక్తి "రాయి", "గొయ్యి", "మలుపు" అని ఒక్కొక్క మాట అంటూ వెనకున్న వ్యక్తికి దారి చెబుతూ వెళ్ళారు. మరొకరు ఇంకా ముందు నడుస్తూ అడ్డొచ్చిన కొమ్మలను కత్తితో నరికారు. నడక ఆపకుండానే కర్రను కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మార్చుకున్నారు. అలసిన వారి స్థానంలోకి పక్కన నడుస్తున్న వారు వచ్చి చేరినప్పుడు కూడా డోలీ జానెడు కిందికి దిగలేదు. నేను భయంతో ఒళ్ళు బిగబట్టి పైకి లేవబోతే, "నడుం వదిలేయండమ్మా, బిగిస్తే మాకు బరువెక్కువవుతాది" అన్నారు. నా కళ్ళకెదురుగా కనిపించిందల్లా ముందున్న ఆయన భుజం మీద కర్ర రాపిడికి నల్లగా కాయకట్టిన చోటు.

ఇంత నేర్పు ఎలా వచ్చిందని దారిలోనే అడిగాను. రోడ్డు లేని పై గూడేల నుంచి పురిటి నొప్పులు వచ్చిన ఆడవాళ్ళను, జ్వరంతో లేవలేని వారిని ఇలాగే దింపుతామని, వానాకాలంలో ఎక్కువగా ఉంటుందని వారు మామూలు విషయంలా చెప్పారు. జలపాతం చూడడానికి సరదాగా వచ్చిన నాకు, కాన్పు కోసం దిగే తల్లులు ఎక్కే డోలీనే వారు అడగకుండా తెచ్చిపెట్టారు. ఇది తెలిశాక కృతజ్ఞతలు చెప్పి ఊరుకోవడం నాకు సబబు అనిపించలేదు. "మీరు రాసేవారైతే పై గూడేల దారి గురించి కూడా రాయండి" అని పెద్దాయన అడిగారు. అందువల్ల ఆ దారి కోసం మా బృంద సభ్యులందరి సంతకాలతో ఒక వినతిపత్రం సిద్ధం చేస్తున్నాం. అన్నట్టు, కటికి మీదుగా దూకే ఈ గోస్తని నది నీరే తాటిపూడి జలాశయం చేరి, అక్కడి నుంచి తాగునీరుగా విశాఖకు వస్తుంది. ఆ నీళ్ళు తాగే నగరవాసులు సంతకం చేస్తామంటే కాదనం.

జీపు డ్రైవరు తమ్ముడు, పర్యాటకుల బేరాలు వదులుకుని, ఆ గతుకుల బాటలో నా కాలికి కుదుపు తగలకుండా ఎంత నెమ్మదిగా నడిపాడో వెనక సీటులో కాలు పట్టుకుని కూర్చున్న నర్సు చెల్లెమ్మ ఇప్పటికీ చెబుతూనే ఉంది. ఘాట్ రోడ్డు మీద 108 వాహనం మాకోసం ఎదురుచూస్తోంది. అల్లూరి జిల్లాలో ఎక్కి, శృంగవరపుకోట, కొత్తవలస మీదుగా విజయనగరం జిల్లా దాటి విశాఖ చేరేవరకు వాహనంలోని అత్యవసర వైద్య సహాయకులు (ఈఎంటీ) గారు నా కాలి వేళ్ళను చూస్తూనే ఉన్నారు. వాహనం నడిపిన పైలట్ గారు ప్రతి మలుపుకూ ముందుగా హెచ్చరించారు. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఎముకల విభాగం వైద్యులకు, రాత్రి డ్యూటీ సిబ్బందికి నా నమస్కారాలు. చీలమండకు ప్లేటు, స్క్రూలు వేశారు. అడవిలో కట్టు సరిగ్గా కట్టడం మేలు చేసిందని డాక్టరుగారు అన్న మాటను వెదురు బద్దలు చీల్చిన ఆ అబ్బాయికి ఫోనులో చెప్పించాను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఉచితంగా చేశారని రాస్తే అది వారికి అన్యాయం. ఒక రోజు కూలి పోయిన వారికి మా వాళ్ళు కూలి లెక్కకు తక్కువ కాకుండా ఇచ్చారు, వారు తీసుకున్నారు. అంతకుమించి ఇవ్వబోతే వెనక్కి ఇచ్చేశారు. మేము ముందే చెప్పి ఉంచిన బొంగు చికెన్ కాల్చిపెట్టిన అక్క మాత్రం, వెనక ఉండిపోయిన మా వాళ్ళకు అన్నం వండి కూడా చికెన్ ధరే తీసుకుందట. నా వాటా బొంగును ఎవరు తిన్నారో ఇంతవరకు తేలలేదు.

చేతికర్ర సాయంతో నడవడానికి వైద్యులు అనుమతించగానే కటికి వెళ్తాను, ఈసారి జీపులోనే. డోలీ మోసిన యువకులు తమ ఫొటోలు కాగితం మీద కావాలని అడిగారు. వాటిని పెద్ద సైజులో ముద్రింపజేశాను. తడిసి చిరిగిన దుప్పటికి బదులుగా కొత్త దుప్పట్లు కొన్నాను. తోడు రాదలచిన మిత్రులు ముందుగా తెలియజేయగలరు. సామాను పోగా జీపులో ఐదారుగురికి మించి చోటుండదు.