మా వెబ్‌సైట్ దేనికో అడగకుండా చేసిన ఎస్ఈవో పనిపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: మా చేనేత వస్త్రాల వెబ్‌సైట్‌కు మీ కంపెనీ చేస్తున్న ఎస్ఈవో పని (గూగుల్‌లో వెతికినప్పుడు సైట్ పైన కనపడేలా చేసే పని) గురించి.

అయ్యా,

మంగళగిరిలో మాది చేనేత బట్టల వ్యాపారం. మగ్గాల వాళ్ళతో చీరలు, డ్రెస్ మెటీరియల్ నేయించి అమ్ముతాం. మీరు పంపిన తాజా రిపోర్టు చూశాక ఈ లేఖ రాయక తప్పలేదు.

ట్రాఫిక్ రెట్టింపైందని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో వేశారు. గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ తెరిచి, ఏ మాటలు వెతికి మా సైట్‌కు వస్తున్నారో చూశాను. పైనున్నవన్నీ "చీర కట్టుకోవడం ఎలా", "బ్లౌజ్ వెనక మెడ డిజైన్లు" లాంటివే. మీరు రాయించిన వ్యాసాలు చదివి వెళ్ళిపోతున్నారు. "మంగళగిరి కాటన్ హోల్‌సేల్", "నిజాం అంచు చీరలు" అని వెతికేవాళ్ళకు మాత్రం మా సైట్ మొదటి మూడు పేజీల్లో ఎక్కడా కనపడటం లేదు. కొనేవాళ్ళు వెతికేది ఆ మాటలతోనే కదా!

పని మొదలుపెట్టే ముందు మీరిచ్చిన ఫారంలో లాగిన్ వివరాలు, కీవర్డ్‌లు, పోటీదారుల పేర్లు అడిగారు. ఈ సైట్ వల్ల మాకు ఏం జరగాలో మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. ముందుగా హైదరాబాద్, బెంగళూరు బొటిక్‌ల వాళ్ళు తానుల లెక్కన ఆర్డర్ ఇవ్వడానికి ఫోన్ చేయాలి. ఆ తర్వాత బయట ఊళ్ళ వాళ్ళు చీర నేరుగా సైట్‌లోనే కొనాలి. ఈ రెండింటికీ చేయాల్సిన పని ఒకటి కాదు. బొటిక్ వాళ్ళకు నూలు కౌంటు (నూలు ఎంత సన్నమో), పన్నా (బట్ట వెడల్పు), కనీసం ఎంత కొనాలి, ఎన్నాళ్ళకు సరుకు చేరుతుంది అనేవి ఒకే పేజీలో కనపడాలి. చీర కొనేవాళ్ళకు అసలు రంగు తెలిసే ఫొటోలు, డెలివరీ ఖర్చు, వాపసు నియమాలు కావాలి. వీటిలో ఒక్క పేజీ కూడా మీరు ముట్టుకోలేదు.

ఇంకొకటి చెప్పాలి. మంగళగిరి సంప్రదాయ చీరకు జరీ అంచే అందం, ఒళ్ళు సాదాగా ఉంటుంది. మీ వ్యాసంలో "చీర నిండా బుటాలు" అని రాశారు. గుంట మగ్గం మీద కూర్చుని నేసేవాళ్ళకు ఆ పేజీ చూపించడానికి నాకు మనసు రాలేదు.

సైట్‌కు వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో చూపే గూగుల్ అనలిటిక్స్‌లో "కీ ఈవెంట్స్" (మన వ్యాపారానికి ముఖ్యమైన పనుల లెక్క) దగ్గర సున్నా ఉంది. వాట్సాప్ బటన్ నొక్కడం, ఫోన్ నంబర్ నొక్కడం, ఎంక్వైరీ ఫారం పంపడం, ఏదీ మీరు సెట్ చేయలేదు. ఇక మీ పని వల్ల ఒక్క ఆర్డరైనా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఫలితం ఆలస్యమైందని నేను అనడం లేదు. ఎస్ఈవోకు నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని గూగుల్ వాళ్ళే చెప్పారు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని కూడా చెప్పారు. మీ ఒప్పందంలో మాత్రం మూడు నెలల్లో మొదటి స్థానం అని రాసి ఉంది. ఆ మాట తీసేసి, నెలకు ఎన్ని హోల్‌సేల్ ఎంక్వైరీలు, ఎన్ని ఆర్డర్లు లక్ష్యమో మాతో కూర్చుని మాట్లాడి రాయండి. సెర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్కలు ఉంటాయి కాబట్టి మీరు రాకముందు పరిస్థితి ఏమిటో కూడా అందులో చేర్చండి.

అప్పటిదాకా కొత్త వ్యాసాలు ఆపండి. ఇంతవరకు కట్టిన ఫీజును ఇకపై చేసే పనికి సర్దుబాటు చేయండి. సంక్రాంతి సరుకు కోసం షాపుల వాళ్ళు ముందుగానే చూసుకుంటారు. ఆ సీజన్ పోతే నష్టం మగ్గాల దాకా వెళ్తుంది. అందుకే 15 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. ఇది మీకు కుదరకపోతే ఒప్పందం రద్దు చేసి, మిగిలిన నెలలకు ముందే కట్టిన డబ్బు వాపసు ఇచ్చి, సైట్, అనలిటిక్స్, సెర్చ్ కన్సోల్ అడ్మిన్ హక్కులు మా ఈమెయిల్‌కు మార్చండి.

ఇట్లు,
వెబ్‌సైట్ యజమాని,
మంగళగిరి